బంద్ రోజున పగలని ముక్క

మా షెడ్డులో ఒక మనిషిని అందరూ దొంగను చూసినట్టు చూసిన కాలం గురించి చెప్తాను. ఆయన ఏమీ దొంగిలించలేదు. ఆయన నడిపే మిషన్‌లోంచి వచ్చిన సెరామిక్ ముక్కలు పగిలిపోయాయి, అంతే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్నెప్పుడైనా కలిస్తే లేజర్ గురించో, పౌడర్ గురించో, ఫర్నేస్ వేడి గురించో అడుగుతారు. అవన్నీ మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. ఇది దొరకదు కాబట్టి రాస్తున్నాను.

ఎల్‌బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే గ్రానైటు, మార్బుల్ దుకాణాలు వరసగా ఉండేవి. ఆ వరస వెనక ఒక రేకుల షెడ్డు మాది. ఒకప్పుడు అక్కడ కుంట ఉండేదట. పూడ్చి ప్లాట్లు చేశారు. బయట బోర్డు కూడా సరిగా కనిపించేది కాదు గానీ, లోపల మాత్రం మా డైరెక్టర్‌గారు ఎన్నో చోట్ల తిరిగి తెప్పించిన లేజర్ మిషన్ ఉండేది. పెద్ద బీరువా అంత ఉంటుంది. మైదా కన్నా మెత్తని తెల్లటి సెరామిక్ పొడిని అది ఒక పళ్లెంలో పలచగా పరుస్తుంది. పైనుంచి లేజర్ కిరణం వచ్చి, ఎక్కడ గట్టిపడాలో అక్కడ మాత్రమే గీస్తుంది. గీసినచోట రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మళ్లీ ఇంకో పొర పొడి, మళ్లీ గీత. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఆ పొడికుప్ప లోపల ఒక వస్తువు తయారై ఉంటుంది. దాన్ని కుంచెతో తుడుచుకుంటూ బయటికి తీసేవాళ్లం. అది ఇంకా పచ్చి ముక్కే. గట్టిగా పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఫర్నేస్‌లో కొన్ని రోజులపాటు మెల్లగా కాల్చాక అసలు సెరామిక్ అవుతుంది. అప్పుడిక ఉక్కు కరిగే వేడిలో పెట్టినా దానికేం కాదు.

ఆ ఫర్నేస్ నాది. అంతకుముందు కరెంటు స్తంభాలకు పెట్టే పింగాణీ కప్పులు కాల్చే ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ అనుభవంతో ఇక్కడికొచ్చాను. పుట్టింది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె, ఉండేది చంపాపేట్‌లో. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఫర్నేస్. మా ఆయన నన్ను వేడి తగ్గని మనిషి అనేవాడు, మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో తెలిసేది కాదు.

మిషన్ నడిపే ఆపరేటరూ మా జిల్లావాడే. లేత్ మిషన్ల మీద చెయ్యి తిరిగినవాడు. నన్ను అక్కా అనేవాడు. నోరు ఊరుకునేది కాదు, పనిచేస్తూ కూడా మిషన్‌తో మాట్లాడుతుండేవాడు. కంప్యూటర్లో ముక్క ఆకారం గీసి మిషన్‌కు ఇచ్చే డిజైన్ ఇంజినీరుది గుంటూరు వైపు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక కిరాయికి ఉండేవాడు. కొత్తగా పెళ్లయింది. వీళ్లిద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ఆపరేటర్ డబ్బాలో జొన్నరొట్టె, ఇంజినీరు డబ్బాలో గోంగూర పచ్చడి. ఎవరి డబ్బా ఎవరు ఖాళీ చేశారో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చింది, వెనక్కి పోయింది. ఆ తర్వాత ఈ నగరంలో ఎవరికీ కాలు నిలవలేదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు బస్సు ఉంటుందో లేదో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఒక గంట తెరిచి ఒక గంట మూసేవి. పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి, ఊరేగింపులో కలవాలా, హాస్టల్‌కు పోవాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. ఇంట్లో ఉన్నా, పనిలో ఉన్నా, చెవి మాత్రం ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేది.

మా భోజనాల బల్ల దగ్గరికీ అది వచ్చింది. మొదట్లో తమాషాగానే.

"సారూ, మా రాష్ట్రమొచ్చినంక మీ గోంగూరకు వీసా కావాల్నా?" అన్నాడు ఆపరేటర్.

"స్టాంపు వేసేది మీరే కదన్నా, చూసీచూడనట్టు పోనియ్యండి," అన్నాడు ఇంజినీరు.

అందరం నవ్వాం. కొన్ని వారాలకు అదే మాట మళ్లీ వచ్చింది, ఈసారి ఇద్దరే నవ్వారు. ఆ తర్వాత ఆ మాట రావడం మానేసింది. డబ్బాలు మాత్రం ఇంకా ఒకే బల్ల మీద తెరుచుకునేవి.

ఆ సమయంలోనే బెంగళూరు కంపెనీ ఒకటి మాకు ఒక రకం ముక్క చేసి చూపించమంది. మండే వాయువుల వేడి కొలిచే పరికరంలో పెడతారట. అరచేతిలో పట్టే గిన్నెలా ఉంటుంది. దాని గోడల లోపల మెలికలు తిరిగిన సన్నని దారులు ఉంటాయి. అచ్చు పోసి చేయడం ఎవరివల్లా కాదు, మా మిషన్ లాంటిది కావాల్సిందే. వాళ్లు వచ్చి చూసే రోజుకు పగలని ముక్కలు నాలుగు ఉండాలి. ఇది కుదిరితే పెద్ద ఆర్డరు. కుదరకపోతే మిషన్ అమ్మేసి షెడ్డు మూయడమేనని డైరెక్టర్‌గారు దాచకుండానే చెప్పారు.

ముక్కలు పగలసాగాయి. మిషన్ నుంచి వచ్చేటప్పుడు చక్కగా ఉండేవి. నా ఫర్నేస్ నుంచి తీసేసరికి అడుగున ఒకవైపు వెంట్రుకంత పగులు. మొదట అనుమానించింది నన్నే, అనుమానించిందీ నేనే. వేడిని ఇంకా నెమ్మదిగా పెంచాను. ముక్కను తిప్పి పెట్టాను. కింద పరిచే ఇసుక మార్చాను. పగులు మాత్రం మారలేదు.

ఇంతలో ఒక బంద్ వచ్చింది. ఆపరేటర్ రాలేదు, ఏ బంద్‌కూ రాడు. తన కాలనీ వాళ్లతో కలిసి చౌరస్తా దగ్గర టెంటులో కూర్చునేవాడు. మధ్యలో ఉన్న ఫర్నేస్‌ను వదలడానికి లేదు కాబట్టి నేను చంపాపేట్ నుంచి లోపలి గల్లీల్లో నడుచుకుంటూ వచ్చాను. ఆశ్చర్యం, ఇంజినీరు కూడా వచ్చాడు.

"ఇంట్లో ఉంటే టీవీ చూసి మా ఆవిడ భయపడుతోందండి. ఆవిణ్ని చూసి నేను భయపడుతున్నాను. ఇక్కడైతే కాస్త పనిలో పడొచ్చు," అన్నాడు.

మిషన్ నడపడం ఆయనకూ వచ్చు. ఆ రోజు ఆయనే ఒక ముక్క చేశాడు. ఫర్నేస్‌లో కాల్చి తీస్తే ఎక్కడా పగులు లేదు. వేలితో మీటితే గాజుగిన్నెలా మోగింది. డైరెక్టర్‌గారు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మిఠాయి తెప్పించారు. ఆపరేటర్ ఆ ముక్కను దీపం వెలుతురుకు పట్టి చూసి, "దొరికిందక్కా! ఇగ సూడు, వరసబెట్టి దింపుత," అన్నాడు.

మర్నాడు ఆయన దింపింది పగిలింది. ఆ తర్వాతదీ పగిలింది. మళ్లీ బంద్. మళ్లీ ఇంజినీరు చేశాడు. మళ్లీ మంచి ముక్క.

ఆ రోజుల్లో బంద్‌లకు కొదవ లేదు కదా. మూడోసారి కూడా అలాగే జరిగాక డైరెక్టర్‌గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఇల్లు తాకట్టు పెట్టి ఆ మిషన్ తెచ్చుకున్న మనిషి, నిద్ర సరిగా లేక కళ్లు లోపలికి పోయాయి.

"అమ్మా, బంద్ రోజు చేసినవే బాగుంటున్నాయి. గమనించావా?"

"గమనించాను సార్."

"ఆ రోజు షెడ్డులో ఎవరు లేరు?"

ఎవరి మాటో అర్థమైంది. "సార్, అతను అట్లాంటివాడు కాదు. నేను నమ్మను."

"నేనూ నమ్మకూడదనే అనుకుంటున్నాను. కానీ నమ్మకం వద్దమ్మా నాకు. కారణం చెప్పు. ఎందుకు పగులుతోంది? అదొక్కటి చెప్పు."

నా దగ్గర కారణం లేదు. నమ్మకమే ఉంది.

తలుపు దగ్గరకు వేసినంత మాత్రాన మాట ఆగుతుందా? రెండు రోజుల్లో షెడ్డంతా తెలిసింది. స్టోరు చూసే ఆయన, నోరు జారాడో, కావాలనే అన్నాడో, "ఉద్యమం మిషన్లోకి కూడా వచ్చినట్టుంది," అన్నాడు. అప్పటినుంచి ఆపరేటర్ మిషన్ దగ్గర నిలబడితే ఎవరో ఒకరు ఏదో పనున్నట్టు అటు పోయి చూసి వచ్చేవాళ్లు. పొడి జల్లెడ పట్టేటప్పుడు చూపు, తలుపు మూసేటప్పుడు చూపు. ఆయన మిషన్‌తో మాట్లాడడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే బద్దలైంది. ఇంజినీరు తన గోంగూర డబ్బా ఎప్పట్లాగే మధ్యలోకి జరిపాడు. ఆపరేటర్ దాన్ని వెనక్కి జరిపాడు.

"వద్దు సారూ. గిది గూడ ఖరాబైతే నా మీదికే వస్తది."

"అన్నా, నేనేమన్నాను? నేనొక్క మాట అన్నానా?"

"అనలే. అనకుంటనే ఊకున్నవు గదా. మంచి ముక్క నీ చెయ్యి, పగిలిన ముక్క నా చెయ్యి. నువ్వు అనేదేముంది, అందరు అనుకుంటనే ఉన్నరు. నేను తెలంగాణ కావాల్నన్న. మిషన్ పాడుజెయ్యాల్నని అనలే. నా కడుపు నింపే మిషన్‌ను నేనెందుకు పాడుజేస్త?"

ఇంజినీరు ముఖం ఎర్రబడింది. లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు రెండు డబ్బాలూ అలాగే మిగిలాయి.

సాయంత్రం ఆపరేటర్ బయట రేకుల నీడలో కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు తోచిన ఉపాయం చెప్పాను. "తమ్మీ, ఒక్క బంద్ రోజు నువ్వు వచ్చి మిషన్ నడుపు. మంచి ముక్క వచ్చిందనుకో, అందరి నోళ్లు మూతపడతయి."

ఆయన కాలి దగ్గరి కంకర రాయి తీసి దూరంగా విసిరాడు.

"అక్కా, నువ్వు నా మంచికే చెప్తున్నవ్. నాకెర్కనే. కానీ బంద్‌ల నేను పనికొస్తే మా గల్లీల ముఖమెట్ల చూపించుకోవాలె? నిన్నటిదాంక నేనే ఇంటింటికి పోయి అందరిని రమ్మన్న. ఇయ్యాల నా నౌకరి కోసం నేనే దొంగతనంగ గల్లీలల్ల తిరుక్కుంట రావాల్నా? గిక్కడ దొంగను కాదని చూపిచ్చుకునేటందుకు గక్కడ దొంగను గావాల్నా?"

"నేను వస్తున్న కదా బంద్ రోజు?"

"నీ ఫర్నేస్ సంగతి వేరు. అది దవాఖాన లెక్క. నాది గట్ల కాదు." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "తీసేస్తె తీసేస్తరు. తియ్యనియ్యి."

మేం మాట్లాడుకున్న చోటుకు వెనకే కిటికీ. లోపల ఇంజినీరు కంప్యూటర్ ముందు ఉన్నాడు. విన్నాడని మర్నాడు తెలిసింది.

మర్నాడు మామూలు రోజు. బస్సులు తిరుగుతున్నాయి, దుకాణాలు తెరిచారు, అంతా సందడి. ఇంజినీరు నేరుగా డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్లి, "ఈ రోజు మిషన్ నేను నడుపుతానండి," అన్నాడు. తలుపు తెరిచే ఉంది, నేను అక్కడే ఉన్నాను.

"బంద్ లేదు కదా. అతను వచ్చాడు కదా."

"అందుకేనండి. నేను మామూలు రోజు ఎప్పుడూ నడపలేదు. అతను బంద్ రోజు ఎప్పుడూ నడపలేదు. బంద్ రోజు అతను రాలేడు. నేను నడపగలను."

డైరెక్టర్‌గారికి అర్థమైంది. "వచ్చే నెల నుంచి ఉత్పత్తి మొత్తం నీ చేతిలో పెడదామనుకుంటున్నాను. ఇప్పుడు నీ చేతిలో కూడా పగిలిందనుకో, బెంగళూరు వాళ్లకు ఏం చెప్పను? నీ పేరెందుకు పాడు చేసుకుంటావయ్యా?"

"పేరు నిజంగా నాదో కాదో చూసుకుంటానండి," అన్నాడు.

అది ధైర్యమని నేను ఆ క్షణంలో అనుకున్నాను. తర్వాత ఆయనే నాతో అన్నాడు: "మేడమ్, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండి. నా చేతిలో ఏదో ఉందని నమ్మాలని ఎంత ఆశ పడ్డానో నాకే తెలుసు. అన్న చెయ్యి మంచిది కాదని నమ్మితే గానీ ఆ ఆశ నిలబడదు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు."

ఆ రోజంతా ఇంజినీరు మిషన్ దగ్గర. ఆపరేటర్ గోడవారన కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని చూశాడు. సాయంత్రం ముక్క తీసి నాకు అప్పగించారు. నేను ఫర్నేస్‌లో పెట్టాను. కాలడానికి కొన్ని రోజులు, చల్లారడానికి ఇంకా కొన్ని రోజులు. తొందరపడి తలుపు తెరిస్తే మంచి ముక్క కూడా పగులుతుంది. అందరూ ఏదో పని పెట్టుకుని నా సెక్షన్ వైపు వచ్చి పోయేవాళ్లు. నేనూ ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

తలుపు తెరిచిన పొద్దున అందరూ ఉన్నారు. ముక్క చేతిలోకి తీసుకుని తిప్పాను. అడుగున, ఒకవైపు, అదే చోట, అదే పగులు.

ఇంజినీరు నా చేతిలోంచి తీసుకుని చూశాడు. ఆయన ముఖంలో నాకు మొదట కనిపించింది బాధ కాదు, బరువు దించుకున్న మనిషి తేలికదనం. ఆపరేటర్ గెలిచినట్టు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. దగ్గరికి వచ్చి, ముక్క అందుకుని, పగులు మీద గోటితో రాసి, "అచ్చం నా దాని లెక్కనే ఉంది సారూ," అన్నాడు.

"అవునన్నా. అచ్చం మీదానిలాగే ఉంది."

"అంటే ఇద్దరికీ చేతకాదన్నమాట," అన్నారు డైరెక్టర్‌గారు, నుదురు పట్టుకుని. ఆయన బాధ ఆయనది. బెంగళూరు వాళ్లు వచ్చే రోజు దగ్గర పడుతోంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురం అదే బల్ల దగ్గర కూర్చున్నాం. మనుషుల్ని పక్కన పెట్టాక ఆలోచన ఎంత సులువుగా నడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. "బంద్ రోజు ఏం ఉండదు?" అన్నాను.

"నేనుండ," అన్నాడు ఆపరేటర్.

"నువ్వు కాక."

"బస్సులుండవు. లారీలుండవు. చాయ్ బండి ఉండదు."

"ట్రాఫిక్ హారన్లు ఉండవండి. స్కూలు గంట ఉండదు. పక్కన ఈ..." ఇంజినీరు ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడు పక్క గ్రానైటు షాపులో లారీ నుంచి బండరాయి పలక దింపారు. దభీమని శబ్దం. మేం రోజుకు ఎన్నోసార్లు వినే శబ్దమే, విని విని వినడం మానేసిన శబ్దం. బల్ల మీద నా చెయ్యి ఉంది. చేతికింద బల్ల సన్నగా వణికింది.

ముగ్గురం లేచి మిషన్ దగ్గరికి పరుగెత్తాం. లేజర్ ఆపి, పొడి ఒక పొర పరిపించి, మిషన్ కిటికీ అద్దంలోంచి టార్చిలైటు ఏటవాలుగా వేసి చూశాం. అద్దంలా నున్నగా ఉంది. పక్క షాపులో బండలు కోసే మిషన్ మొదలైంది. పొడి మీద, వేడిపాలు చల్లారేటప్పుడు మీగడ మీద పడే ముడతలాంటిది, కనీకనిపించకుండా ఒకటి కదిలింది. ఇంకో పలక దించారు. ముడత ఇంకొంచెం జరిగింది. పూడ్చిన కుంట నేల కదా, అక్కడి అదురు ఇక్కడికి నేరుగా వస్తోంది. పొడి ఒకవైపు ఎక్కువ సర్దుకుని, ఒకవైపు తక్కువ సర్దుకుని గట్టిపడుతోంది. పైకి ఏమీ తెలియదు. ఫర్నేస్‌లో ముక్క కుంచించుకునేటప్పుడు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ లాగి పగులుతోంది. బంద్ రోజు గ్రానైటు షాపు మూస్తారు. ఆదివారం మాత్రం మూయరు. ఇళ్లు కట్టుకునేవాళ్లు వచ్చేదే ఆదివారం, అది మాకు సెలవు.

"నేనుండనని పగులుతలేదనుకున్నరు," అన్నాడు ఆపరేటర్, టార్చి ఆర్పుతూ. "బండలు లేకనా!"

గ్రానైటు షాపు యజమానిని ఒక్కరోజు పని ఆపమని అడగడానికి ఆపరేటర్, నేనూ వెళ్లాం. ఆయన మా మాట పూర్తిగా విని, "ఏందమ్మా గిది? బంద్‌లకు మూసుడే మూసుడు. బంద్ లేని నాడు గూడ మీ కోసం మూయాల్నా? మా పనోళ్లు పరేషాన్ అయితరు," అన్నాడు. ఆపరేటర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సేటూ, నా ఇజ్జత్ కా సవాల్. ఒక్క దినం." ఏమనుకున్నాడో, సేటు ఒప్పుకున్నాడు. పనివాళ్లను ఆ రోజు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక ఇంటికి ఫ్లోరింగు వేయడానికి పంపిస్తానన్నాడు.

అలా అనుకున్న రోజు వచ్చింది. మిషన్ దగ్గర ఆపరేటర్. పక్క షాపు నిశ్శబ్దం. ఆయన పొద్దున్నే మొదలుపెట్టాడు, మళ్లీ మిషన్‌తో మాట్లాడడం మొదలుపెట్టాడు. "మెల్లగ, జర మెల్లగ," అంటూ. ముక్క సగానికి వచ్చి ఉంటుంది, రోడ్డు మీద ఏదో గోల మొదలైంది. షట్టర్లు కిందికి దించుతున్న చప్పుడు ఒకదాని వెంట ఒకటి. ఒక విద్యార్థి తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్నాడని వార్త వచ్చిందట. అప్పటికప్పుడు బంద్.

కాసేపటికి మా గేటు మీద దెబ్బలు పడ్డాయి. "బంద్ చెయ్యాలె! పని బంద్ చెయ్యాలె!"

ఆపరేటర్ ముఖం చూశాను. మిషన్ వైపు ఒకసారి, గేటు వైపు ఒకసారి చూశాడు. మధ్యలో ఆపితే ఆ ముక్క పోయినట్టే. బంద్ రోజువి మూడే ఉన్నాయి, బెంగళూరు వాళ్లు వచ్చేలోగా ఇంకోటి చేసి కాల్చే వ్యవధి లేదు. ఇంజినీరు తన కుర్చీలోంచి లేచాడు గానీ కదల్లేదు. గేటు బయట ఉన్నది ఆపరేటర్ మనుషులు. లోపల ఉన్నది మేము.

ఆపరేటర్ గేటు తెరిచి బయటికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. ముందున్న యువకుడు ఆయన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, నువ్వా! నువ్వే పనిల ఉన్నవా?"

"బంద్ అని ఇప్పుడే విన్న తమ్మీ. వస్తున్న మీతోని." "కానీ మిషన్ నడుమల ఉంది. అది ఆపితే ఖరాబైతది. మనిషిని నేను బయటికొస్తున్న. మిషన్‌ను నడవనియ్యుర్రి."

"మరి లోపట ఎవరున్నరు?"

"మా అక్క ఉంది." ఒకసారి లోపలికి చూశాడు. "ఒక ఆంధ్రా సారున్నడు."

గుంపులో ఎవరో ఏదో అన్నారు. వెనక నుంచి ఇద్దరు ముందుకు జరిగారు. ఆపరేటర్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయనను ఏమనకుర్రి. నా మీద పడ్డ నింద తియ్యనీకి ఆయన తన పేరు ఖరాబ్ చేసుకున్నడు. ఇయ్యాల గూడ నాకోసమే ఉన్నడు. నా మాట మీద నమ్మకముంటే గేటుకు బయట తాళమేసి పోదాం."

ఆ యువకుడు చేతిలో జెండా కర్రను కింద ఆనించి, "తాళమేసుకో అన్నా. పోదాం పా," అన్నాడు.

ఆపరేటర్ లోపలికి పరుగెత్తుకొచ్చి ఇంజినీరుకు ఒకటే చెప్పాడు: "సారూ, పొడి డబ్బా సగమైనంక ఒకపాలి నింపాలె. మర్వకు." అని గేటుకు బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్లతో కలిసి నడుచుకుంటూ చౌరస్తా వైపు వెళ్లిపోయాడు.

మేమిద్దరం లోపల. రోడ్డు మీద నినాదాలు దూరమయ్యాయి, మళ్లీ దగ్గరయ్యాయి. ఒకసారి ఏదో పేలిన శబ్దం వస్తే ఇంజినీరు మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అదురు తనలోకి తీసుకుంటున్నట్టు. ఆయన భార్య ఫోన్ మీద ఫోన్. "బాగానే ఉన్నాను. తాళం వేసుంది. వేసింది మనవాళ్లే," అన్నాడు. ఫోన్ పెట్టేసి పొడి డబ్బా ఎంతకొచ్చిందో చూడడానికి వెళ్లాడు.

చీకటి పడే వేళకు తాళం తీసిన శబ్దం. ఆపరేటర్. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా నుంచి టియర్ గ్యాస్ ఘాటు. మొదటి మాట, "ఆగిందా?"

"ఆగలేదన్నా."

"డబ్బా నింపినవా?"

"నింపాను."

ఇద్దరూ కలిసి కుంచెలతో ముక్కను బయటికి తీశారు. కింది సగం ఒకరిది, పై సగం ఒకరిది. ఎక్కడ ఒకరు వదిలారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో ఎంత వెతికినా కనిపించలేదు. ఫర్నేస్‌లో కాల్చి తీశాను. పగల్లేదు. బెంగళూరు వాళ్లు దాన్ని, ముందటి మూడింటితో కలిపి తీసుకెళ్లారు, తర్వాత ఆర్డరు పంపారు. మిషన్ కింద నేల తవ్వి, చుట్టూ ఇసుక నింపి, నడుమ కాంక్రీటు దిమ్మె పోశాం. ఆ తర్వాత పక్క షాపులో కొండలు పగలగొట్టినా మాకు దిగులు లేకపోయింది. డైరెక్టర్‌గారు ఆపరేటర్ భుజం తట్టి, "జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోకయ్యా," అన్నారు. ఆయన దృష్టిలో అది క్షమాపణే.

ఆపరేటర్ మొదటి విడత ముక్కలన్నీ ఒక్కటీ పగలకుండా చేసి ఇచ్చాడు. ఆ తర్వాత పని మానేస్తున్నానన్నాడు. ఇంజినీరు బతిమాలాడు. డైరెక్టర్‌గారు జీతం పెంచుతానన్నారు. వినలేదు.

చివరి రోజు ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా ఇద్దరం కలిసి వచ్చాం. ఆయన బస్సు కోసం, నేను చంపాపేట్ షేర్ ఆటో కోసం నిలబడ్డాం. ఉండబట్టలేక మళ్లీ అడిగాను. "అంతా తేలిపోయింది కదా తమ్మీ. నీ తప్పు లేదని అందరికీ తెలిసింది. ఇంకెందుకు పోతున్నవ్?"

ఆయన కోపంగా ఏమీ లేడు. నెమ్మదిగానే అన్నాడు.

"అక్కా, ముక్క ఎందుకు పగిలిందో అందరం కలిసి దొరకబట్టినం. సంతోషమే. కానీ గది దొరకకపోయి ఉంటే? నేనేమయ్యేటోణ్ని?"

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. నేనెక్కాల్సిన ఆటో వచ్చింది, డ్రైవరు "చంపాపేట్, చంపాపేట్" అని అరిచాడు, నా వైపు చూశాడు, వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో రెండు వెళ్లాయి. నేను అక్కడే నిలబడి ఉన్నాను.